మిల్లీమీటరు పురుగుకు పేరు పెట్టాలంటే



బియ్యం డబ్బాలో తిరిగే ముక్కు పురుగు, పెసలకు బెజ్జం వేసి బయటికొచ్చే పుచ్చు పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, పేడను ఉండ చేసి దొర్లించుకుపోయే పేడ పురుగు, పైరు మీద పేనుబంకను తినేసి రైతుకు మేలు చేసే అక్షింతల పురుగు, తొలకరి రాత్రుల్లో వెలిగే మిణుగురు. ఒకదానికీ మరొకదానికీ పోలికే లేదనిపిస్తుంది. కానీ శాస్త్రజ్ఞుల లెక్కలో ఇవన్నీ ఒకే వంశం. పై రెక్కల జత గట్టిపడి డొప్పగా మారింది, కింద మడిచి పెట్టుకున్న పల్చని రెక్కలకు అదే కాపు. అందుకే వీటిని పెంకు పురుగులంటారు. ప్రపంచం మొత్తం మీద ఇంతవరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. పేరున్న జంతుజాతుల్లో ఇంచుమించు నాలుగింట ఒకటి పెంకు పురుగే. మన దేశంలో నమోదైనవే ఇరవై వేలు దాటాయి.

మేడ్చల్, షామీర్‌పేట, లాల్‌గడి మలక్‌పేట్ వైపు ఏ రైతును అడిగినా ఇందాక చెప్పిన పురుగుల్లో చాలావాటిని ఇట్టే గుర్తుపడతారు. అవి కంటికి ఆనతాయి, పంటకో ఇంటికో తగులుకుంటాయి. ఎవరి పంట జోలికీ రాకుండా, ఎవరి కంటికీ ఆనకుండా కొండ అడవుల్లో కుళ్ళిన ఆకుల కింద బతికే పెంకు పురుగుల సంగతి వేరు. వాటిలో పెద్దది గసగసాల గింజంత ఉంటే గొప్ప. అలాంటి పురుగొకటి కొత్త జాతి అని లోకానికి చెప్పాలంటే ఎంత పని ఉంటుందో, ఆ పని ఎందుకంత మెల్లగా సాగుతుందో ఈ ప్రసంగంలో విందాం.

ముందుగా, ఎంత చిన్నవి? ఇంతవరకు తెలిసిన పెంకు పురుగుల్లో అతి చిన్నది స్కైడోసెల్లా మూసావాసెన్సిస్. నికరాగువాలో దొరికిన నమూనాలను బట్టి 1999లో దానికి ఆ పేరు పెట్టారు. రష్యా శాస్త్రజ్ఞుడు అలెక్సీ పోలిలోవ్ కొలంబియాలో దొరికిన పురుగులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కొలిచి, వాటిలో అతి చిన్నదాని పొడవు 0.325 మిల్లీమీటర్లని 2015లో తేల్చారు. మిల్లీమీటరులో మూడో వంతు! ఆ కాస్త ఒంట్లోనే మెదడు, కండరాలు, పేగు, గుడ్లు అన్నీ ఉన్నాయి. ఈ స్కైడోసెల్లా కుటుంబం పురుగులకు రెక్క పొరలాగా ఉండదు. సన్నని కాడ, దాని చుట్టూ అంచున వెంట్రుకలు, అంతే. ఇంత చిన్న ప్రాణికి గాలి కూడా చిక్కగా తగులుతుంది కాబట్టి ఆ వెంట్రుకల రెక్కే సరిపోతుంది, పైగా బరువు తక్కువ. పారాటుపోసా అనే ఇలాంటి పురుగు రెక్కలను ఎలా ఆడిస్తుందో వేగంగా తీసిన వీడియోల ఆధారంగా 2022లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం వివరించింది. గాలిలో తూలిపోకుండా పై పెంకులు కూడా పని చేస్తాయట.

ఇక కొండలే ఎందుకు? అడవి ఉన్న కొండ పైభాగంలో పొగమంచు, వాన వల్ల నేల ఎక్కువ కాలం తడిగా ఉంటుంది. రాలిన ఆకుల పొర మందంగా పేరుకుంటుంది. దాంట్లో బూజు, శిలీంధ్రాలు, నల్లుల్లాంటి చిట్టి జీవులు పెరుగుతాయి. చిన్న పెంకు పురుగుకు తిండి అక్కడే, ఇల్లూ అక్కడే. ఎక్కడికీ ఎగిరి వెళ్ళనక్కర్లేదు. అలా వేల తరాలు గడిచేసరికి చాలా జాతుల్లో రెక్కలు కుంచించుకుపోయాయి, కొన్నింటికి కళ్ళు కూడా పోయాయి. రెక్కల్లేని పురుగు కింద ఎండిన మైదానాన్ని నడిచి దాటి పక్క కొండ ఎక్కలేదు కదా. కాబట్టి ఈ కొండమీది గుంపు ఈ కొండకే పరిమితం, ఆ కొండమీదిది ఆ కొండకే. రూపంలో చాలా దగ్గరగా ఉంటూనే కాలక్రమంలో వేర్వేరు జాతులైపోతాయి. ఒక కొండ చదునైతే ఒక జాతి మొత్తం పోవచ్చన్న భయం ఇక్కడినుంచే పుట్టింది.

షామీర్‌పేట చుట్టుపక్కల అలాంటి నేల లేదు. ఇక్కడున్నవి గ్రానైట్ గుట్టలు, తుప్పలు, చెరువు గట్లు. తెలుగువారికి కొండ అడవి అంటే నల్లమల, శేషాచలం, పాపికొండలు, మారేడుమిల్లి, అరకు, పాడేరు. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఏకబిగిన సాగవు. కృష్ణ, గోదావరి, పెన్న వాటిని కోసుకుంటూ పారాయి. ముక్కలు ముక్కలుగా నిలిచిన ఈ కొండల్లో విశాఖ మన్యం వైపు కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. ఒక కొండకొక జాతి అన్న లెక్కకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. అయినా దక్షిణ భారతంలో చిన్న పెంకు పురుగుల కోసం జరిగిన పేరున్న వెతుకులాట ఈ కొండల్లో జరిగింది కాదు. 1972లో స్విట్జర్లాండ్‌లోని జెనీవా మ్యూజియం నుంచి క్లోడ్ బెసుషే, ఇవాన్ లోబ్ల్, ముస్సార్ అనే ముగ్గురు వచ్చారు. నీలగిరి, అనైమలై, పళని కొండల్లో ఆకుల చెత్తను జల్లించి నమూనాలు పట్టుకెళ్ళారు. ఆ ఒక్క యాత్ర సరుకు మీద ఆ తర్వాత దశాబ్దాల పాటు వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అంతటి శ్రద్ధ తూర్పు కనుమలకు దక్కిందని చెప్పడం కష్టం.

వాళ్ళు వాడిన పద్ధతి ఇప్పటికీ అదే. ముందు జల్లెడ. ఆకుల చెత్తను గట్టిగా కుదిపితే పెద్ద ఆకులు, పుల్లలు పైన మిగులుతాయి, పొడిలాంటిది కిందికి దిగుతుంది. పురుగులు ఆ పొడిలోనే ఉంటాయి. తర్వాత గరాటు. ఇటలీ కీటక శాస్త్రజ్ఞుడు ఆంటోనియో బెర్లీజ్ 1905లో కనిపెట్టాడు దీన్ని. గరాటులో జాలీ మీద చెత్త పోసి పైనుంచి వేడి తగిలిస్తే, చెత్త పైనుంచి ఎండుతూ వస్తుంది. తడిని వెతుక్కుంటూ పురుగులు కిందికి కిందికి దిగి చివరికి సీసాలోని స్పిరిట్‌లో పడతాయి. తర్వాత స్వీడన్‌కు చెందిన టుల్‌గ్రెన్ దానికి విద్యుత్ బల్బు జోడించాడు. కరెంటు లేని అడవిలోనైతే గుడ్డ సంచిలో చెత్త వేలాడదీసి, దానంతటది ఆరేదాకా ఊరుకుంటారు.

సీసాలో పురుగు పడింది. అయితే ఏమిటి? అది కొత్త జాతి అని తేలాలంటే, ముందు అది ఏది కాదో తేలాలి. అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

పురుగును సూదికి గుచ్చితే ముక్కలైపోతుంది కాబట్టి, త్రికోణంగా కత్తిరించిన చిన్న అట్టముక్క మొన మీద నీళ్ళలో కరిగే జిగురుతో అతికిస్తారు. రేపు మళ్ళీ ఊడదీయాల్సి వస్తే తడిపితే చాలు. మైక్రోస్కోపు కింద మీసాల కణుపులు లెక్కపెడతారు. పెంకు పురుగులకు మామూలుగా పదకొండు కణుపులుంటాయి. వాటిలో ఏది పొడవు, ఏది పొట్టి, చివరి మూడూ ఉబ్బి ఉన్నాయా లేదా చూస్తారు. పెంకు మీద గుంటల వరసలు, వెంట్రుకల దిశ, కాళ్ళ గోళ్ళ ఆకారం రాసుకుంటారు. ఇంత చేసినా చాలాసార్లు తేడా తెలియదు. బయటికి అచ్చు ఒకేలా ఉన్న రెండు జాతులను విడదీసేది మగ పురుగు జననాంగం. దాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి కొవ్వు కరిగించి, గ్లిజరిన్‌లో పెట్టి ఏ వంపు ఎటు తిరిగిందో బొమ్మ గీస్తారు. ఒక మిల్లీమీటరు పురుగులో ఆ భాగం ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆడ పురుగులు మాత్రమే దొరికితే కొన్ని కుటుంబాల్లో పని అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత పోల్చి చూడటం. ఆ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఇదివరకు పేరు పెట్టిన ప్రతి పురుగు వర్ణననూ చదవాలి. పందొమ్మిదో శతాబ్దపు వర్ణనలు లాటిన్‌లోనో జర్మన్‌లోనో ఫ్రెంచిలోనో ఉంటాయి. కొన్నైతే రెండే రెండు వాక్యాలు: గోధుమ రంగు, నున్నగా ఉంది. ఇలాంటి వాక్యాలు వంద జాతులకు సరిపోతాయి. అందుకని ఆ రోజున రాసినాయన చేతిలో ఉన్న అసలు పురుగునే చూడాలి. దాన్ని హోలోటైప్ అంటారు. ఒక జాతి పేరుకు చట్టబద్ధమైన ఆధారం ఆ ఒక్క నమూనా. మరి మన దేశపు పాత హోలోటైప్‌లు ఎక్కడున్నాయి? చాలావరకు లండన్, కోపెన్‌హాగన్, పారిస్, జెనీవా నగరాల్లో.

అవి అక్కడికి చేరిన కథలో తెలుగు ఊళ్ళు కూడా ఉన్నాయి. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్, జీవుల రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన లినేయస్ దగ్గర చదువుకున్న వైద్యుడు. 1768లో డేనిష్ వలస పట్టణమైన తరంగంబాడికి వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులోనూ, ఈస్టిండియా కంపెనీలోనూ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. మొక్కలతో పాటు పురుగులనూ ఐరోపాకు పంపాడు. అక్కడ వాటిని అందుకుని పేర్లు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఫాబ్రీషియస్, ఆయనా లినేయస్ శిష్యుడే. పత్తికాయల మీద గుంపులుగా పాకే ఎర్ర పురుగు మన రైతులకు బాగా తెలుసు. పెంకు పురుగు కాదది, నల్లి జాతిది. దాని శాస్త్రీయ నామం డిస్‌డెర్కస్ కోనిగీ. 1775లో ఫాబ్రీషియస్ పెట్టిన ఆ పేరులో ఉన్నది ఈ కోనిగే. ఆయన 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో వైద్యం చేసింది అప్పట్లో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్, తర్వాత భారతీయ వృక్షశాస్త్రానికి పెద్దదిక్కైనవాడు.

నూరేళ్ళ తర్వాత కడప జిల్లా జమ్మలమడుగులో మరో వైద్యుడు, లండన్ మిషన్‌కు చెందిన డాక్టర్ టి.వి. కాంప్‌బెల్. అక్కడి ఆసుపత్రి ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. రోగులను చూస్తూనే పురుగులు పోగుచేశాడు, తర్వాత చిక్కబళ్ళాపురం వెళ్ళినా ఆ అలవాటు మానలేదు. ఆయన పంపినవాటిని లండన్‌లోని నిపుణులు పరిశీలించి, కొన్నింటికి ఆయన పేరే పెట్టారు. ఇలాంటి వైద్యులూ, అటవీ అధికారులూ, రైల్వే ఉద్యోగులూ లేకపోతే మన పురుగుల జాబితా సగం ఖాళీగా ఉండేది. వాళ్ళ వల్లే అసలు నమూనాలు సముద్రాలు దాటాయన్నదీ నిజమే. ఒకే చేత్తో మేలూ కీడూ జరిగాయి.

పోగుచేసిన చోటు సరిగా రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి అనంతపురం జిల్లా గుత్తి సాలీడును మించిన ఉదాహరణ లేదు. నెమలి నీలం రంగులో మెరిసే పెద్ద సాలీడు అది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క నమూనాను బట్టి 1899లో పొకాక్ అనే శాస్త్రజ్ఞుడు దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. దాంతో జనం గుత్తిలో వెతికారు. దొరకలేదు. కలప దుంగలతో పాటు రైలెక్కి వచ్చిందన్న అనుమానం చాలా ఆలస్యంగా కలిగింది. నూరేళ్ళు దాటాక నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్ల తొర్రల్లో అది మళ్ళీ కనిపించింది. ఇప్పుడు తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఒకటి. విదేశాల్లో పెంపుడు సాలీడుగా దాన్ని అమ్ముకుంటున్నారు కూడా.

అందుకే ఈ రోజుల్లో ఆకర్షణీయమైన జీవి దొరికితే శాస్త్రజ్ఞులు కచ్చితమైన చోటు వ్యాసంలో రాయడానికి సందేహిస్తున్నారు. గోధుమ రంగు మిల్లీమీటరు పురుగును ఎవరూ పెంచుకోరు కాబట్టి దానికా బెడద లేదు.

ఇక పేరు. లినేయస్ గ్రంథం పదో ముద్రణ వచ్చిన 1758 నుంచి జంతువుల పేర్ల లెక్క మొదలవుతుంది. పేరు రెండు మాటలు: మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఊరి పేరు పెట్టొచ్చు, రూపాన్ని చెప్పొచ్చు, గౌరవంగా ఎవరి పేరైనా తగిలించొచ్చు. తన పేరు తానే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు. పేర్లు ఎక్కువ కావలసి వస్తే? జర్మనీలోని కార్ల్స్‌రూహె మ్యూజియానికి చెందిన అలెగ్జాండర్ రీడెల్‌కు అదే ఇబ్బంది వచ్చింది. న్యూ గినియా అడవుల్లోని రెక్కల్లేని చిన్న ముక్కు పురుగులపై 2013లో ఆయన బృందం ఒకే వ్యాసంలో 101 కొత్త జాతులను వర్ణించింది. పేర్లు తట్టక పపువా న్యూ గినియా టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి అక్కడి ఇంటిపేర్లు కొన్ని తీసుకున్నారు. 2019లో సులవేసి దీవి నుంచి మరో 103 జాతులు వచ్చాయి, అప్పుడు యోడా లాంటి సినిమా పాత్రల వంతు. ఒక్కో పురుగుకు పేజీలకు పేజీలు రాసే పద్ధతి వదిలి, ముఖ్యమైన తేడాలు, ఫొటోలు, డీఎన్‌ఏ వరస ఇచ్చి పని వేగం పెంచడం రీడెల్ చేసిన అసలు మార్పు. పాతకాలపు పద్ధతిలో పెరిగినవాళ్ళు ముఖం చిట్లించినా, మిగిలిపోయిన పని ఎంతో చూస్తే ఆయన పక్షమే సరైనదనిపిస్తుంది.

డీఎన్‌ఏ అనగానే లాల్‌గడి మలక్‌పేట్ శ్రోతలకు కొత్తగా ఏమీ అనిపించదు. బయోటెక్ సంస్థలుండే జీనోమ్ వ్యాలీ బోర్డులు వాళ్ళ ఊరి దారిలోనే ఉన్నాయి. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్‌లో పాల్ హెబర్ట్ చెప్పిన సూత్రం తేలికైనది: జంతువుల్లో సీఓఐ అనే జన్యువులోని 658 అక్షరాల ముక్కను చదివితే చాలా జాతులను వేరు చేయొచ్చు. దీన్నే డీఎన్‌ఏ బార్‌కోడ్ అంటున్నారు. చిన్న పురుగుల విషయంలో ఇంకో వెసులుబాటుంది. పురుగును నలపనక్కర్లేదు. మొత్తంగా ద్రావణంలో నానబెడితే డీఎన్‌ఏ బయటికి వస్తుంది, పెంకు పెంకుగానే మిగులుతుంది, దాన్ని మళ్ళీ అట్టకు అతికించుకోవచ్చు. మగదీ ఆడదీ ఒకే జాతివా, నేలలో దొరికిన ఈ పిల్ల పురుగు ఏ పెద్ద పురుగుకు పుట్టింది అన్న చిక్కులు ఇలా తేలతాయి. అంతమాత్రాన యంత్రం పేరు చెప్పేయదు. రెండొందల ఏళ్ళ కిందటి హోలోటైప్‌లో డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది. పోల్చడానికి అవతల వరస లేనప్పుడు ఇవతల ఎంత చదివినా, ఇది వేరుగా ఉందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు. కంటితో చూసే నిపుణుడు మళ్ళీ కావాల్సిందే.

అలాంటి నిపుణుల సంస్థ మన దేశంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. 1916లో కోల్‌కతాలో మొదలైంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో దాని మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. దేశం మొత్తం మీద ఏ ఏడు ఏ కొత్త జంతువులు దొరికాయో ఈ సంస్థ ఏటా పుస్తకంగా వేస్తుంది. 2023 లెక్క చూస్తే శాస్త్రానికే కొత్తవి 442 జాతులు, వేరే దేశాల్లో తెలిసినా మన దగ్గర మొదటిసారి కనిపించినవి 199. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవాళ్ళు ఆ సంగతి ఇలాంటి అధీకృత సంస్థకు తెలియజేసి, నమూనాలు అక్కడ జమ చేయాలి. కోనిగ్, కాంప్‌బెల్ కాలంలో జరిగినట్టు సరుకంతా ఓడలెక్కకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

చట్టానికి పదునుందని 2008లో తెలిసొచ్చింది. డార్జిలింగ్ కొండల్లోని సింగలీలా జాతీయ వనంలో అనుమతి లేకుండా పెంకు పురుగులు పోగుచేస్తున్న చెక్ దేశస్థులిద్దరిని అటవీ శాఖ పట్టుకుంది, కోర్టు దోషులని తేల్చింది. వాళ్ళలో ఒకరు పేరున్న కీటక శాస్త్రజ్ఞుడు కావడంతో ప్రపంచమంతా గొడవైంది. పదేళ్ళకు, 2018లో, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.డి. ప్రతాపన్ మరో వాదన వినిపించారు. కొండల మీద నాచులో బతికే చిట్టి గెంతుడు పెంకు పురుగుల మీద పనిచేసిన మనిషి ఆయన. జీవవైవిధ్యాన్ని కాపాడటానికి పెట్టిన నిబంధనలే దాన్ని గుర్తించే పరిశోధనకు ఉరిగా మారాయని సైన్స్ పత్రికలో రాశారు, ఎన్నో దేశాల శాస్త్రజ్ఞులు ఆయనతో గొంతు కలిపారు. గుత్తి సాలీడు వ్యాపారం చూస్తే చట్టం వదులు చేయమనడానికి నోరు రాదు. కానీ మందు తయారీకి వేళ్ళు తవ్వుకుపోయే కంపెనీకీ, దోసెడు ఆకుల చెత్త జల్లించే పరిశోధక విద్యార్థికీ ఒకే కాగితాలు, ఒకే నిరీక్షణ అంటే మాత్రం అది న్యాయంగా కనిపించదు.

ఇన్ని మెట్లు దాటాలి కాబట్టి కాలం పడుతుంది. ఫ్రెంచి పరిశోధకులు 2012లో లెక్కవేసి చూస్తే, నమూనా పట్టుకున్న రోజు నుంచి దానికి పేరు అచ్చయ్యేదాకా సగటున 21 ఏళ్ళు పడుతోందని తేలింది. అంతకంటే ఆలస్యమైనవీ ఉన్నాయి. 1964-65లో విలియం బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు కెన్యా రాజధాని నైరోబీలో ఆకుల చెత్త, మట్టి జల్లించి పట్టిన పురుగొకటి లండన్ మ్యూజియం సీసాల్లో ఉండిపోయింది. పొడవు 0.79 మిల్లీమీటర్లు, లేత పసుపు రంగు, కళ్ళు లేవు, రెక్కలూ లేవు. మైకేల్ డార్బీ దాన్ని బయటికి తీసి 2019లో వర్ణించాడు. అప్పటికి పర్యావరణం కోసం బడి ఎగ్గొట్టి కూర్చున్న స్వీడన్ అమ్మాయి గ్రెటా థన్‌బర్గ్ పేరు లోకమంతా మారుమోగుతోంది. పురుగు నెల్లాప్టోడెస్ గ్రెటే అయింది. అది సీసాలో పడ్డనాటికి ఆ అమ్మాయి తల్లిదండ్రులు కూడా పుట్టి ఉండరు.

మన్యం కొండలకు వెళ్ళి వెతకాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. గరాటు పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి మాత్రం ఏ కొండా ఎక్కక్కర్లేదు. బడి ఆవరణలో కానుగ చెట్టు కిందో, పెరట్లో మామిడి కిందో వానలు పడ్డ రెండు మూడు వారాలకు పేరుకున్న తడి ఆకులు చాలు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి తలకిందులు చేస్తే గరాటు. లోపల దోమతెర ముక్క, దాని మీద ఆకుల చెత్త, పైన తక్కువ వాట్ల పాతకాలపు బల్బు, అడుగున చిన్న సీసాలో కాస్త స్పిరిట్. బల్బు ఆకులకు తగలకుండా పెద్దవాళ్ళెవరైనా చూసుకోవాలి, ఎల్‌ఈడీ అయితే వేడి చాలదు. రెండు రోజుల్లో మొదట చిట్టి నల్లులు, గెంతే తెల్లటి పురుగులు, చీమలు పడతాయి. అదృష్టం బాగుంటే వాటి మధ్య గోధుమ రంగు చుక్కలా ఒక పెంకు పురుగు. భూతద్దం కింద పెంకు రెండు సమానమైన భాగాలుగా, నడుమ నిలువు గీతతో కనిపిస్తే అది పెంకు పురుగేనని గుర్తు. సీసాలో చీటీ వేయడం మాత్రం మరిచిపోకూడదు: ఊరు, మండలం, తేదీ, ఏ చెట్టు కింద, పట్టినవాళ్ళ పేరు. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.